ఎద్దులకోనలో జంట మాట

1. గేటు, ముందురోజు సాయంత్రం

కడియాలు తీసి ఇచ్చాం. నాది తేలిగ్గానే వచ్చింది. నాకు జంటగా వచ్చినామెది మణికట్టుని పట్టేసింది. నర్సు సబ్బునీళ్ళు రాసి మెల్లిగా లాగింది. కింద చర్మం ఎండ ఎరగనట్టు తెల్లగా ఉంది.

"పెళ్ళికి ముందు తొడిగారండి. మళ్ళీ తియ్యలేదు. నా చెయ్యి ఇలా ఉంటుందని నాకే తెలీదు," అంది ఆమె.

ఎద్దులకోన జాతీయ వనంలో కడియం పనిచేయదు. గబ్బిలాలు దారి తప్పుతున్నాయని లోపలి సిగ్నల్ స్తంభాలన్నీ పీకేశారు. బయట మనకి ఆకలి వేసిందో, జ్వరం వచ్చిందో, గుండె అలిసిందో కడియమే చెబుతుంది. ఏ మందు ఎంత కావాలో అదే కొలిచి ఎక్కిస్తుంది. మన ఒంటి సంగతి మనం తెలుసుకోవడం మరిచిపోయి చాలాకాలమైంది. మొదట్లో ఇక్కడికి వచ్చినవాళ్ళు దాహం వేస్తోందని తెలియక పడిపోయేవారు.

అందుకని జంట నియమం పెట్టారు. ఒక్కరిని లోపలికి వదలరు. ఎవరి సంచి వాళ్ళు మోయకూడదు. ఎదుటివాళ్ళ నీళ్ళు, తిండి, మందులు మన భుజాన ఉండాలి. ఈ దినచర్య పుస్తకంలోనూ జంట గురించే రాయాలి. తన గురించి తాను చెప్పుకున్నది ఇక్కడ చెల్లదు. జంట మాటే చెల్లుతుంది.

నా భార్య సుభాషిణి, నేను ఏటా వచ్చేవాళ్ళం. ఆమె పోయాక ఇదే మొదటిసారి. లోపల తేనెపట్లు వేలాడే కొండరాయి ఉంది, తేనెగోడ అంటారు. దానికి ఎదురుగా ఒక బండ ఉంది. ఆమె అక్కడ కూర్చునేది. బతికున్నంతకాలం ఏడాదికోసారి అక్కడికి వచ్చి వెళ్ళాలని నా కోరిక. ఇంకేమీ కోరుకోలేదు. ఈ వాక్యాలు కొట్టేస్తారని తెలుసు.

నాకు ఆఫీసువాళ్ళు కేటాయించిన జంట పేరు కొల్లి మంగతాయారు. ఊరు మండపేట దగ్గర. యాభై దాటాయి. మామిడితోటల్లో పూతకి కుంచెతో పుప్పొడి అద్దే పని. చాలా మాట్లాడుతుంది.

"మీరేం చేసేవారండి?"

"కాలేజీలో ఫిజిక్సు చెప్పాను."

"అయితే మాస్టారే. మాస్టార్లంటే నాకు భయం లేదండి. కొట్టాల్సినవాళ్ళంతా చిన్నప్పుడే కొట్టేశారు."

ఎందుకు వచ్చారని అడిగాను. అడగాలని నియమం.

"తేనెటీగల్ని చూద్దామనండి. మా వైపు అవి పోయి ఎన్నాళ్ళయింది! పాతికేళ్ళుగా వాటి పని నేను చేస్తున్నాను. అసలు మనిషి ఎలా చేస్తాడో ఓసారి చూసొస్తే బాగుంటుంది కదండీ."

నర్సు నా చేతికి ఒక పొట్లం ఇచ్చింది. తాటిబెల్లం ముక్కలు. "ఈమెకి చక్కెర జబ్బు. లోపల కడియం ఉండదు కాబట్టి పొద్దున సూది మందు వేసుకుంటారు. ఎండలో కొండ ఎక్కితే చక్కెర పడిపోవచ్చు. చెమటలు పట్టినా, తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే ఇది నోట్లో పెట్టండి."

"పొంతన లేకుండా మాట్లాడటం నాకు మామూలేనండి. పాపం మాస్టారు ఎలా పోల్చుకుంటారు?" అంది మంగతాయారు.

నర్సు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మా ఇద్దరి బదులు ఆమే నవ్వింది.

గేటు అధికారి ఓబులేసు చివరి నియమం చెప్పాడు. ఏటా చెప్పేదే. "వనంలోది ఏదీ కోయగూడదు. బయట విత్తనమే లేని చెట్లు ఈడ ఉండాయి. ఆ పండ్లు జంతువులవి, రాబోయేవాళ్ళవి. కోసిన చెయ్యి మళ్ళా ఈ గేటు దాటదు. వయసు చూడం, మొగం చూడం." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ సంగతి విన్యా సార్," అన్నాడు. తల ఊపాను.

2. గుడారం, పొద్దున

మంగతాయారు బాగా నిద్రపోయింది. గురక ఉంది. ఆమె ఒప్పుకోలేదు.

"గాలండి."

"గాలి లేదు."

"అయితే ఎలుగుబంటి."

సూది వేసుకుంది. జొన్నసంకటి సగం తిని, ఇంక వద్దంది. కాళ్ళు వాయలేదు. కళ్ళు తేటగా ఉన్నాయి.

సంచులు సర్దడం నా పని. చేతులకి అలవాటైన పని, చూడకుండా సర్దగలను. నీళ్ళు, మరమరాలు, వేరుసెనగపప్పు, కట్టుగుడ్డ, తాడు. అక్కర్లేనివి తీసి గుడారంలో పెట్టాను. ఎండ ఎక్కకముందే బయల్దేరాలి.

3. గుర్రపుమెడ దాటాక

గుర్రపుమెడమీద దారి ఒక మనిషి వెడల్పే. ఒక పక్క ఎర్రటి రాతిగోడ, ఇంకో పక్క లోయ. అడుగున వాగు దారంలా కనిపిస్తుంది. గాలి ఎప్పుడూ కింది నుంచి పైకి కొడుతుంది. ఎండుటాకులు పైకి ఎగురుతాయి.

నడుములకి తాడు కట్టుకుని దాటాం. ఆమె గోడకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, మాట్లాడుతూనే నడిచింది. అత్తగారి పచ్చళ్ళు, మేనమామ రెండో పెళ్ళి, మామిడిపూతకి పొగమంచు చేసే చేటు. దాటాక కళ్ళు తెరిచి వెనక్కి చూసింది.

"ఇదా మనం వచ్చిన దారి? మీరేం మనిషండీ బాబూ! చెప్పొద్దా ఇలా ఉంటుందని?"

"చెబితే వచ్చేవారు కాదు."

"అమ్మయ్య. మాస్టారికి హాస్యం వచ్చు." ఆ తర్వాత అడిగింది. "మీ ఆవిడ కూడా ఇలాగే కళ్ళు మూసుకునేవారా?"

"లేదు. లోయలోకి చూస్తూ నడిచేది. నేనే మూసుకునేవాణ్ణి."

ఆమెకి ఊపిరి కొంచెం వేగంగా ఉంది. ఎత్తు ఎక్కాం కాబట్టి సహజం. నీళ్ళు తాగించాను. మరమరాలు ఇచ్చాను. పిడికెడు తింది. మొహం ఎర్రబడింది. చెమట ఉంది, అయితే ఎండ కూడా ఉంది.

4. ఈతచెట్ల వాగు

రాత సరిగ్గా రావడం లేదు. చేతికి ముళ్ళు దిగాయి. జరిగింది వరసగా రాస్తాను.

వాగులోకి దిగే రాళ్ళమీద ఆమె మాట ఆగిపోయింది. మొదట నాకు హాయిగా అనిపించింది. అలసిపోయి ఉంటుంది అనుకున్నాను. నేను ముందు నడుస్తున్నాను. తాడు బిగిసింది. తిరిగి చూస్తే ఆమె ఒక రాతి ముందు నిలబడి ఉంది.

"పదండి, బస్సొచ్చేసింది," అంది.

హాస్యమే అనుకున్నాను. ఆమె రాతిమీద చెయ్యి వేసి, మెట్టు ఎక్కుతున్నట్టు కాలు ఎత్తింది. పట్టుకునేలోపు కూలబడింది. జాకెట్టు తడిసి ముద్దయింది. చేతులు చల్లగా, వణుకుతూ ఉన్నాయి. పేరు అడిగితే చెప్పలేకపోయింది.

సంచి దించి పొట్లం కోసం వెతికాను. అడుగుదాకా వెతికాను. బండమీద కుమ్మరించాను. లేదు.

పొద్దున నేనే తీశాను.

సుభాషిణికి కూడా చక్కెర జబ్బే. అయితే ఆమెది పెరిగే చక్కెర. తీపి ముట్టకూడదు. ఏటా సంచి అడుగున ఏదో ఒక మిఠాయి దాచేది. ఏటా నేను వెతికి పట్టుకుని గుడారంలో వదిలేసేవాణ్ణి. ఇవాళ పొద్దున నా చేతులు అదే పని చేశాయి. పొట్లం తగలగానే, దొరికావు అని మనసులో అనుకున్నాను కూడా. ఎవరి సంచి సర్దుతున్నానో చూడలేదు.

గుడారం గుర్రపుమెడకి అవతల ఉంది. ఎర్రగుడ్డ ఎగరేస్తే చూసే కాపలా గోపురం కొండకి ఆ వైపు ఉంది. ఆమెని మోసుకుని ఆ మెడ దాటలేను. వదిలి వెళ్ళలేను.

వాగు ఒడ్డున ఈతచెట్ల గుబురు ఉంది. పళ్ళు మాగి ముదురు ఎరుపులో ఉన్నాయి. చిన్నప్పుడు చూసిన పళ్ళు. బయట ఇప్పుడు లేవు. చెట్టు కింద ఎలుగుబంటి పెంట ఉంది, మరీ పాతది కాదు.

ఓబులేసు మాట గుర్తుకు రాలేదని రాస్తే అబద్ధం. గుర్తుకొచ్చింది. తేనెగోడ ఎదుటి బండ కూడా గుర్తుకొచ్చింది. గుబురులోకి చెయ్యి పెట్టాను. ఈతాకు మొన దబ్బనం లాంటిది. గెల అందలేదు. భుజం దాకా దూర్చి, విరిచి లాగాను.

ఒడిలో ఆమె తల పెట్టుకుని కూర్చున్నాను. పండు నలిపి, గింజ తీసేసి, గుజ్జు ఆమె చిగుళ్ళకి రాశాను. మొదటిది చప్పరించలేదు. రెండోదీ లేదు. మూడోదానికి నాలుక కదిలింది. తర్వాత మింగింది. గుజ్జు పల్చన. ఒక్కో పండుకీ వచ్చేది కొంచెమే. గెలలో సగం అయిపోయేసరికి కళ్ళు తెరిచింది.

"ఏంటండీ ఇది, ఇంత బాగుంది?"

"ఈతపండు."

"పేరు వినడమేనండి." ఇంకొకటి తనే తీసుకుని నమిలింది. అప్పుడు నా చేతుల వంక చూసింది. తర్వాత చెట్టు వంక. మాట్లాడలేదు. ఈసారి ఆమె మొహం జాగ్రత్తగా చూశాను. ఇది ఆలోచిస్తున్న మౌనమే. చెమట ఆరింది. చేతులు వెచ్చబడ్డాయి. ఊరు, పేరు, అత్తగారి పేరు సరిగ్గా చెప్పింది.

పొట్లం ఎందుకు లేదో చెప్పాను. దాచకుండా చెప్పాను.

ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను.

"దొంగతనంగా మిఠాయి దాచుకునేవారన్నమాట ఆవిడ," అంది చివరికి. "ఏం దాచేవారు?"

"పూతరేకులు. ఓసారి మైసూర్‌పాకు."

"కొండమీదికి పూతరేకులు! పొడైపోవూ?"

"అయ్యేవి. పొడే తినేది, నేను చూడనప్పుడు."

ఆమె పడీ పడీ నవ్వింది. గింజలు చెట్టు కిందే వదిలి, మిగిలిన పళ్ళు ఆమె కొంగుకి కట్టించాను. ఒకసారి పడిన చక్కెర మళ్ళీ పడొచ్చు.

5. తేనెగోడ

నియమం ప్రకారం వెనక్కి తిరగాలి. గోడ మలుపు అవతలే ఉంది. "చచ్చి బతికానండి, చూడకుండా పోతానా?" అంది. ఎండ కొంత తగ్గేదాకా నీడలో కూర్చోబెట్టి, ఇంకో నాలుగు పళ్ళు తినిపించి, చెయ్యి పట్టుకుని నడిపించాను.

శబ్దం ముందు వినిపిస్తుంది. తర్వాత కనిపిస్తుంది. నిటారు రాయి, దానికి వేలాడుతూ నల్లటి పట్లు, ఒక్కొక్కటీ తలుపంత. ఏ మనిషీ చేరలేని ఎత్తు. ఉండి ఉండి ఒక పట్టు మొత్తం అల కదిలినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకి మెరుస్తుంది. ఈగలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఒళ్ళు పైకెత్తుతాయి.

మంగతాయారు తనకు తానే పోయి ఎదురుగా ఉన్న బండమీద కూర్చుంది. ఆ బండమీదే. ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు. పక్కన నేలమీద కూర్చున్నాను.

ఒక ఈగ వచ్చి రాతి పగుల్లో పూసిన పసుప్పచ్చ పువ్వుమీద వాలింది. కాసేపు తిరిగి, లేచి వెళ్ళిపోయింది. ఆమె వంగి ఆ పువ్వు లోపలికి చూసింది.

"అంతేనా?" అంది. "నాకు ఒక్కో పువ్వుకీ ఎంతసేపు పడుతుందో తెలుసా మాస్టారూ? అది చూడండి, పని చేస్తున్నట్టే లేదు. భోజనానికి వచ్చి పోయినట్టు పోయింది."

ఆ తర్వాత ఎండ గోడమీంచి దిగేదాకా ఆమె ఏమీ అనలేదు. బాగానే ఉంది. చూసుకుంటూనే ఉన్నాను.

లేచేటప్పుడు అంది. "సాయంత్రం రాసేటప్పుడు పళ్ళు నేనే కోశానని రాయండి. నేను మళ్ళీ రాను. ఈ మోకాళ్ళతో ఆ గుర్రం మెడ ఇంకోసారి నా వల్ల కాదు. నాకు నిషేధం పడితే నష్టమేముంది? మీరు ఏటా వచ్చేవారట, ఓబులేసు గారు చెప్పారు. నా గురించి మీ మాటే కదా చెల్లేది. ఒక్క ముక్క రాస్తే పోతుంది."

ఆమె నడుముకి తాడు కట్టాను. గుర్రపుమెడమీద ఆమె కళ్ళు మూసుకుంది. నేను తెరిచి నడిచాను, ఆమె అడుగులు చూడాలి కాబట్టి.

6. చెక్‌పోస్టు, పొద్దుగూకే వేళ

వాగు దగ్గర కాపలావాళ్ళు గింజలు చూశారు. మేం వచ్చేసరికే ఓబులేసుకి కబురు అందింది. బల్లకి ఆ పక్కా ఈ పక్కా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

"సార్ చేతులేంది ఇట్ల గీసుకపోయినాయి? మిమ్మల్ని గాదు సార్, ఆమెని అడుగుతుండా."

"నేను కళ్ళు తిరిగి ఈతచెట్టులో పడ్డానండి. పట్టుకున్నారు. ముళ్ళు గుచ్చుకున్నాయి. పళ్ళు నేనే కోసుకున్నాను."

"నీ సంగతి నువ్వు చెప్తే చెల్లదమ్మా. సార్, ఆమె కోసిందా?"

"కోయలేదు," అన్నాను. మంగతాయారు నన్ను కొరకొరా చూసింది.

"మరి మీరు కోసినారా?"

"నా మాట చెల్లదు."

"అవు గదా. అమ్మా, సార్ కోసినాడా?"

"లేదండి," అంది వెంటనే.

ఓబులేసు కలం కింద పెట్టాడు. "ఆమె కోయలే. ఆయన కోయలే. రెండూ చెల్లే మాటలే. ఆడ చూస్తే కుప్పగా గింజలుండాయి. ఎలుగ్గొడ్డు గానీ గెల దించి మీకు పెట్టిందా ఏంది?"

"మంచి ఎలుగండి," అంది ఆమె.

అతను నా వైపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా తెలిసినవాడు. సుభాషిణి ఇతనికి ప్రతిసారీ నిమ్మకాయ ఊరగాయ తెచ్చేది. "అట్లనే రాస్తా సార్. పశువు తిని వదిలిన పండ్లని రాస్తే అయిపాయె. నియమం తప్పినట్టూ గాదు. మీరు ఊరికే ఉండండి, చాలు."

ఊరికే ఉండటం నాకు బాగా వచ్చిన పని. ఏడాదిగా అదే చేశాను.

కానీ ఎలుగుబంటి పెట్టిందని రాస్తే ఆమె పడిపోయిన సంగతి పోతుంది. పొట్లం సంగతీ పోతుంది. వచ్చే ఏడు ఇంకెవరి సంచో నా భుజానికి ఎక్కిస్తారు. నేను చూడకుండా సర్దుతాను.

"మంగతాయారు గారూ," అన్నాను. ఆమెని పేరుపెట్టి పిలవడం ఇదే మొదలు. "నా గురించి ఉన్నది చెప్పండి."

"ఏంటండీ చెప్పేది? చెప్పాను కదా."

"నేను చెప్పుకుంటే చెల్లదు. మీరే చెప్పాలి."

ఆమె కొంగు ముడి విప్పుతూ, కడుతూ కూర్చుంది. తర్వాత ఓబులేసుతో మెల్లిగా అంది.

"కోశారండి. నేను బస్సనుకుని రాయెక్కుతుంటే పట్టుకుని, భుజం దాకా ముళ్ళలో దూర్చి కోశారు. నలిపి నోట్లో పెట్టారు, పసిపిల్లకి పెట్టినట్టు. బెల్లం పొట్లం పొద్దునే తీసేసింది కూడా ఆయనే. నన్ను చంపాలని కాదండి. వాళ్ళావిడకి తీపి పడదని. ఆవిడ లేదని ఈయనకి తెలుసు, ఈయన చేతులకి ఇంకా తెలీదు. నేను చూసింది ఇదండి. ఇంక రాసుకోండి."

సుభాషిణి లేదని ఆఫీసు కాగితాల్లో చాలాసార్లు రాశాను. ఇంకొకరి నోట విన్నది ఇదే మొదటిసారి. ఆమె చెప్పింది కాబట్టి చెల్లుతుంది.

ఓబులేసు రాశాడు. కోసిన చెయ్యి అని రాసి, నా పేరుమీద గీత గీశాడు. ముద్ర వెయ్యడానికి కాసేపు వెతికినట్టు నటించాడు. తర్వాత వేశాడు.

ఇక మిగిలింది అందరినీ అడిగే చివరి ప్రశ్న. ముందు నన్ను అడిగాడు. "రాత్రికి మీ జంటకి ఏం గావాల?"

"మందు మోతాదు నర్సు మళ్ళీ చూడాలి. తలగడ పక్కన బెల్లం ఉంచాలి. ఆమె మాట్లాడుతున్నంతసేపు భయం లేదు. మాట ఆగితే దగ్గరికి వెళ్ళి మొహం చూడాలి. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, అడిగితే లేవంటారు."

"భలే చెప్పారండి, నన్ను అడక్కుండానే," అంది ఆమె.

"నీ వంతమ్మా. సార్‌కి ఏం గావాల?"

మంగతాయారు నన్ను పైనుంచి కిందికి చూసింది, పూత నిలిచిందో లేదో చూసినట్టు.

"చేతికి ముళ్ళు తియ్యాలండి. పొద్దుటి నుంచి ఈయన ఏమీ తినలేదు. మరమరాలన్నీ నాకే పెట్టారు. ఆకలి వేస్తోందని ఈయనకి తెలీదు. తినమని అడిగితే వద్దంటారు." ఓబులేసు కలం దగ్గరికి వంగి, రాస్తున్నాడో లేదో చూసింది. "అందుకని అడక్కండి. పెట్టెయ్యండి."

పెట్టారు. తిన్నాను.